దిండు లేని బొమ్మ

రాజనర్సయ్య చెప్పే మాటల్లో నాలుగో వంతే నిజమని అతని భార్య సత్తెమ్మ ఏనాడో తేల్చేసింది. ఆ నాలుగో వంతు లేకపోయినా తమకేమీ నష్టం లేదని పంజాగుట్ట వెనక సందులో వాళ్ల అభిప్రాయం. మిగతా మూడు వంతులూ అంత బాగుంటాయి మరి.

ఫ్లెక్సీలు రాకముందు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు సగం అతని చేతి రాతే. ఇది ఆ నాలుగో వంతులోది. ఒకరోజు నిచ్చెనెక్కి 'సీ ప్లస్ ప్లస్' అని రాస్తుంటే, కింద బండి మీంచి వేడి మిర్చీల వాసన ముక్కుకు తగిలి, ధ్యాస చెదిరి, ఇంకో ప్లస్ ఎక్కువ పడిందట. తెల్లారేసరికి ఆ కొత్త కోర్సులో చేరడానికి మూడొందల మంది వరస కట్టారట. సెంటరు యజమాని అతని కాళ్ల మీద పడి, బోర్డు చెరపొద్దనీ, ఆ మూడో ప్లస్‌లో ఏం పాఠం చెప్పాలో అది కూడా నువ్వే రాసివ్వాలనీ బతిమాలాడట. "మూడు బ్యాచులు బయటికొచ్చినయ్. ఒక్కడు ఖాళీగ లేడు," అని ముగిస్తాడు. ఇది మిగతా మూడు వంతుల్లోది.

అలాంటి మనిషి ఒక్క మాట నోట్లోంచి బయటికి రాక ఇరవై రోజులు అల్లాడిపోయాడు. అది నిజమైన మాట కావడమే వచ్చిన చిక్కు.

అతనికి అరవై రెండేళ్లు. ఫ్లెక్సీ వచ్చి బ్రష్షును మింగేశాక, అమీర్‌పేటలో ఒక మెట్ల కింద సొహైల్ నడిపే డీటీపీ షాపులో మూల కుర్చీ అతనిదయింది. కంప్యూటర్‌లో దొరకని బొమ్మ ఎవరికైనా కావాలంటే రాజనర్సయ్య పెన్సిలుతో గీస్తాడు. సొహైల్ దాన్ని స్కాన్ చేసి రంగులద్దుతాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆ షాపుకు నాగేశ్వరి వచ్చింది. ఆవిడది భీమవరం. ఎర్రగడ్డ దారిలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో బాలింతలకు పాలివ్వడం, బిడ్డను చూసుకోవడం నేర్పే నర్సు.

"ఇదిగోండి రాజనర్సయ్య గారూ, ఎనిమిది మాటలు. ఒక్కో మాటకి ఒక్కో బొమ్మ. పసిబిడ్డని ఎలా నిద్రపుచ్చితే క్షేమమో చెప్పే చిన్న పుస్తకం వేస్తున్నాం. చదువు రాని అమ్మ కూడా చూడగానే పోల్చుకోవాలి."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. నేను గోడ మీద గీసిన పులిని చూసి జూపార్కు పులి సుత రెండు దినాలు అన్నం ముట్టలే."

"మా వార్డుకి పులులు రావండీ. బాలింతలొస్తారు."

"చాచా, నీకు సరైన జోడీ దొరికింది పో," అని సొహైల్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

రాజనర్సయ్య కూడా నవ్వుతూనే కాగితం అందుకున్నాడు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. అమ్మ గదిలోనే, అమ్మ పక్కనే, కానీ వేరే పక్క మీద. నాలుగో మాట దగ్గర అతని వేలు ఆగిపోయింది. 'తల కింద దిండు వద్దు. ఆవాల దిండు కూడా వద్దు.'

"మేడం, గీ ఆవాల దిండు... గది శాన చిన్నగుంటది గదా. నెత్తి గుండ్రంగ వస్తదని అందరు పెడ్తరు."

"అందరూ పెడతారండీ. మా అమ్మా పెట్టింది. కానీ ఆ వయసులో బిడ్డకి మెడ నిలవదు. ముక్కు మెత్తటి గుడ్డలో కూరుకుపోతే తల తిప్పుకోలేదు, ఏడవలేదు. హాయిగా నిద్రపోతోందనే అనుకుంటాం మనం."

ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో రాజనర్సయ్యకు వినబడలేదు.

మూడేళ్ల కిందట అతని కూతురు యశస్వినికి తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. చిట్టి అని పిలుచుకున్నారు. ఆ పిల్ల కోసం సత్తెమ్మ పాత మల్లు పంచె చింపి, మూడు రోజులు ఎండబెట్టిన ఆవాలు పోసి, అంచుకు ఎర్ర దారంతో కుట్టి, అరచేతంత దిండు చేసింది. చిట్టి తల నిజంగానే బొంగరంలా గుండ్రంగా వచ్చింది. వచ్చినవాళ్లంతా తలే చూసేవాళ్లు. మూడు నెలల మీద పదకొండు రోజులున్నప్పుడు, ఒక మధ్యాహ్నం యశస్విని తలస్నానానికి వెళ్లింది. చిట్టికి కడుపులో గాలి చేరి గింజుకుంటుంటే సత్తెమ్మ ఆ దిండు మీద బోర్లా వేసి, దొర్లి పడకుండా రెండు పక్కలా రెండు దిండ్లు అడ్డం పెట్టి, వీపు నిమిరి, కళ్లు మూసుకున్నాక బియ్యం కడగడానికి లేచింది. రాజనర్సయ్య గడప మీద కూర్చుని సందులో నలుగురికి పులి కథ చెబుతున్నాడు. నవ్వులకు సందు దద్దరిల్లుతోంది. లోపల ఏ చిన్న చప్పుడైనా అయిందో లేదో, ఆ నవ్వుల్లో అతనికి తెలియలేదు. ఈ సంగతి అప్పటిదాకా అతను ఎవరికీ చెప్పలేదు.

నిద్రలో పసిబిడ్డలు ఒక్కోసారి ఇలా పోతారని, ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పాడు. అంత గుండ్రటి తలకు దిష్టి తగలకుండా ఎలా ఉంటుందని సందు చెప్పింది. దిండు మాట ఎవరూ ఎత్తలేదు. చిట్టిని చేతుల మీద తీసుకెళ్లేటప్పుడు సత్తెమ్మ పరుగున వచ్చి ఆ దిండు రాజనర్సయ్య చేతిలో పెట్టింది. "భూమి గట్టిగుంటదయ్యా. దాని నెత్తి కింద పెట్టు," అంది. అతను అలాగే పెట్టి, మన్ను కప్పి వచ్చాడు.

ఏడాది తిరిగాక సత్తెమ్మ మళ్లీ సూది పట్టింది. సందులో, చుట్టుపక్కల ఎవరికి బిడ్డ పుట్టినా ఒక ఆవాల దిండు వెళ్లేది. ఎవరేమిచ్చినా పుచ్చుకునేది కాదు. "మా చిట్టి పేరు మీద," అనేది. దుఃఖంతో ముడుచుకుపోయిన మనిషిని ఆ దిండ్లే మళ్లీ గడప దాటించాయని రాజనర్సయ్యకు తెలుసు. ఇప్పుడు యశస్వినికి ఎనిమిదో నెల. పురుటికి మరో రెండు మూడు వారాల్లో వస్తోంది. ఆ వచ్చే బిడ్డ కోసం మేడ మీద చేటలో ఆవాలు ఎండుతున్నాయి.

చెబితే సత్తెమ్మ ఏమైపోతుందో తెలియదు. చెప్పకపోతే ఆ దిండు మళ్లీ ఈ ఇంట్లోనే ఒక పసి తల కిందికి వెళుతుంది.

మొదటి విడత బొమ్మలు అతను తొందరగానే గీశాడు. తన పనితనం తెలియాలని కొంచెం జోరుగానే గీశాడు. దిండు మీద బిడ్డ, దాని మీద పెద్ద ఎర్రటి ఇంటూ గుర్తు. బోర్లా పడుకున్న బిడ్డ, మళ్లీ ఇంటూ. నాగేశ్వరి వాటిని బాలింతలకు చూపించడానికి ఆసుపత్రికి రమ్మంది. వార్డులోకి మగవాళ్లను రానివ్వరు కాబట్టి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టింది. అర్జూ అనే అమ్మాయి మూడు రోజుల బిడ్డతో వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. దిండు బొమ్మ దగ్గర ఆగింది.

"సిస్టర్," అంది చివరికి, "నా పహ్లా బాబు సుత గిట్లనే పోయిండు. దిండు మీదనే. గీ ఎర్ర గుర్తు నా మీద కొట్టిన్రా?"

నాగేశ్వరి చప్పున లేచి ఆ పిల్ల పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. రాజనర్సయ్య తల దించుకున్నాడు. అర్జూ ఏడవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచి, బిడ్డను పొదువుకుని లోపలికి వెళ్లిపోయింది.

"మన బొమ్మ ఆ పిల్లని బోనులో నిలబెట్టిందండీ," అంది నాగేశ్వరి. "తప్పెవరిదో తేల్చడానికా మనం ఇది వేస్తున్నది? నిద్ర లేక, ఒళ్లంతా పుండై ఉన్న మనిషికి తోడుగా ఉండడానికి. ఇంటూలన్నీ తీసేయండి. ఏం చేస్తే మంచిదో అదొక్కటే గీయండి."

రెండో విడతకు వారం పట్టింది. చదునైన పక్క మీద వెల్లకిలా ఒక పాప. చుట్టూ ఏమీ లేదు. జీవితమంతా గోడల్లో ఖాళీలు నింపి బతికినవాడికి ఖాళీని ఖాళీగా వదలడం చేతకాలేదు. పెన్సిలు ఊరికే వెళ్లి ఒక గిలకో, బొమ్మో గీసేది. మళ్లీ చెరిపేవాడు. పాప ముఖం మాత్రం ఒక్కసారికే వచ్చింది.

"చాచా, గీ పొల్ల ఎవలు? ఎక్కడ్నో చూసినట్టుంది," అన్నాడు సొహైల్ రంగులద్దుతూ.

"కంప్యూటర్ల చూసుంటవ్ తీ," అన్నాడు రాజనర్సయ్య.

నాగేశ్వరి బొమ్మలు చూసి సంతోషించింది. ఒక ఫారం ఇచ్చింది. "తల్లులకి నేను చూపిస్తాను. మీరు ముగ్గురు పెద్దవాళ్లకి, అమ్మమ్మలో నానమ్మలో, వాళ్లకి చూపించండి. ఇంట్లో మాట చెల్లేది వాళ్లదే కదా. 'ఇందులో ఏం కనబడుతోంది' అని అడగండి, అంతే. మీరేమీ చెప్పకండి. వాళ్లన్నది అన్నట్టు రాయండి. మీ ఆవిడని ముందు అడగండి."

రాజనర్సయ్య షాపులోనే కూర్చుని ముగ్గురు పెద్దవాళ్లను పుట్టించాడు. ఒకావిడ బొమ్మ చూడగానే తన మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్పింది. ఇంకొకావిడ తన పదమూడు మంది పిల్లలనూ ఇలాగే వరసగా ఆరుబయట వెల్లకిలా పడుకోబెట్టి పెంచానని, వాళ్లలో ఇద్దరు పహిల్వాన్లయ్యారని చెప్పింది. మూడో వరసలో 'సత్తెమ్మ, యాభై ఎనిమిది' అని రాసి, 'బాగుంది అన్నది' అని రాశాడు.

మర్నాడు నాగేశ్వరి ఆ ఫారం చదివి కళ్లద్దాలు తీసింది.

"మొదటావిడకి నవ్వొచ్చింది. రెండో ఆవిడకీ నవ్వొచ్చింది. వాళ్లు ఎక్కడుంటారో నేనడగను. మీ ఆవిడ దగ్గరే మీ చేయి ఆగిపోయింది. అంత హాస్యమాడే మనిషి ఆ ఒక్క వరసలో ఎండిపోయారేంటండీ?"

అతను చెప్పాడు. చిట్టి గురించి, మట్టిలో పెట్టిన దిండు గురించి, మేడ మీద చేట గురించి. చెబుతున్నంతసేపూ ఒక్క మాట కూడా పెంచలేదు.

"దిండు వల్లే పోయిందని ఇప్పుడు ఎవరూ చెప్పలేరండీ," అంది నాగేశ్వరి. "ఏ కారణమూ దొరకని మరణాలు కూడా ఉంటాయి. దిండు తీసేస్తే, వెల్లకిలా పడుకోబెడితే ముప్పు తగ్గుతుంది. మాకు తెలిసింది అంతవరకే. మీ ఆవిడకి రెండూ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచకండి."

"మీరొచ్చి చెప్తే మంచిగుంటదేమో మేడం."

"రమ్మంటే ఇప్పుడే వస్తాను. కానీ మీకు ముందే తెలుసనీ, దాచారనీ తర్వాత తెలిస్తే ఆవిడ ఎవర్ని నమ్ముకోవాలి?"

ఆ సాయంత్రం నాలుగు గంటలకు అతను ఇంటికి వెళ్లాడు. యశస్విని రెండు రోజుల కిందటే పురుటికి వచ్చింది. లోపలి గదిలో మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. సత్తెమ్మ గడప దగ్గర పళ్లెంలో ఆవాలు పెట్టుకుని, మూడు వైపులా కుట్టిన చిన్న తెల్ల సంచి పట్టుకుని కూర్చుంది.

రాజనర్సయ్య ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక కథ కట్టుకుంటూ వచ్చాడు. దాని చివర మాట చెప్పేద్దామని.

"సత్తెమ్మా, ఒకూర్ల ఒక దర్జీ ఉండె. వాడు కుట్టిన అంగీ తొడుక్కుంటే..."

"నీ గప్పాలు బంద్ జెయ్యి. గీ సూదిల దారం ఎక్కియ్యి జర. కండ్లు కనిపిస్తలేవ్."

అతను సూది అందుకున్నాడు. ఎర్ర దారం. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కింది. ఎక్కాక సూది ఆమెకివ్వకుండా తన చొక్కాకు గుచ్చుకుని, తన చేతిసంచీలోంచి బొమ్మ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇందుల ఏం కనిపిస్తుందో చెప్పు."

"ఏముంది, పొల్ల పండుకున్నది. ఎల్లెలుకల పండుకున్నది." ఆమె కాగితాన్ని వెలుతురుకు తిప్పింది. ఆ ముఖాన్ని చూస్తూ కాస్త మెత్తబడింది. "మంచిగ గీసినవ్ గనీ... దిండేది?"

అతను చొక్కాకు గుచ్చుకున్న సూదిని సవరించుకున్నాడు.

"దిండు మర్చిపోయినవా? నెత్తి కింద ఏం లేకుంట ఎవలన్న పండుకోబెడ్తరా? ముసలోనివైనవ్ పో." అతని జేబులోంచి పెన్సిలు తీసి అతని చేతికి అందించబోయింది. "ఇగో, గియ్యి."

అతను పెన్సిలు తీసుకోలేదు. ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"దిండు పెట్టొద్దంట సత్తెమ్మా."

"ఎవలన్నరు?"

"డాక్టర్లు."

"కొత్తగ అంటున్నరా?"

"కాదు. శాన ఏండ్ల సంది అంటున్నరంట. మనదాక రాలే."

ఆమె పళ్లెంలో ఆవాల వైపు చూసింది. సందులోంచి ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. "మరి మన చిట్టి..." అని ఆగింది.

కాదు అనడానికి ఒక్క క్షణం పట్టదు. రాజనర్సయ్యకు అంతకంటే పెద్ద అబద్ధాలు అలవాటే. "తెల్వదు," అన్నాడు. "దాని వల్లనే అని ఎవలు చెప్పలేరంట. కాదని సుత చెప్పలేరంట."

లోపలి నుంచి యశస్విని వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎప్పుడు లేచిందో, ఎంత విన్నదో.

"అమ్మా, నాకు తెలుసు. చిట్టి పోయిన నెలకే ఫోన్ల చదివిన."

"తెల్సి సుత చెప్పలేదా బిడ్డా?"

"చెప్తే నువ్వేమైతవో అని చెప్పలే. దినాం రాత్రి నేను సుత గా దిండు మీదనే పండుకోబెట్టిన గదా. నువ్వొక్కదానివే కాదమ్మా."

"గందుకేనా బతుకమ్మకు సుత ఇంటికి రాలే? నా మీద కోపమనుకున్న."

"కోపం కాదు. నేనొచ్చినప్పుడల్ల నువ్వు ఎవలకో ఒకలకు దిండు కుడ్తనే ఉంటివి. నాతోని చూసుడు కాలే."

"ఆ దినం నేను గీ గడప మీదనే ఉన్న," అన్నాడు రాజనర్సయ్య. ఎవరూ అడగలేదు. "పులి కథ చెప్తున్న. అందరు నవ్వుతుండ్రి. లోపల్నుంచి ఏమన్న సప్పుడు వచ్చిందో నేను వినలే."

సత్తెమ్మ ఏడుస్తుందని అతను ఎదురుచూశాడు. ఆమె ఏడవలేదు. కుట్టని నాలుగో వైపు నుంచి సంచీలో వేళ్లు పెట్టి, లోపల మిగిలిన నాలుగు గింజలను కూడా ఏరి పళ్లెంలో వేసింది.

"మట్టిల పెట్టంగ సుత నేనే ఇచ్చిన," అంది మెల్లగా. "నువ్వు దాని నెత్తి కిందనే పెట్టినవ్ గదా?"

"ఆ."

"మల్ల సుత నెత్తి కిందనే."

ఆ మాటకు యశస్విని వచ్చి తల్లి పక్కన కూలబడింది. భారమైన కడుపుతో కిందికి వంగలేక తల్లి భుజం మీద తల వాల్చింది. సత్తెమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసింది. అలా ఉండగానే రెండో చేతి వేళ్లు కదలడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు, మూడు. తను దిండు ఇచ్చిన ఇళ్లలో ఇప్పుడు ఏడాది లోపు పిల్లలు ఎవరెవరున్నారో లెక్కపెడుతోంది. ఐదు వేళ్లూ అయిపోయి, మొదటి వేలు మళ్లీ మడిచింది. చటుక్కున లేచి చెంగు దోపుకుంది.

"ఏడికి?"

"బతూల్ ఆపా ఇంటికి."

బతూల్ ఇల్లు ఎదురుగానే. కోడలు రేష్మాకు నలభై రోజుల కిందట కొడుకు పుట్టాడు. సత్తెమ్మ లోపలికి వెళ్లింది. రాజనర్సయ్య బయటే నిలబడ్డాడు.

"గా దిండు జర వాపస్ ఇయ్యి ఆపా. ఆవాల్ల పురుగు పట్టినట్టుంది."

"పురుగు ఏడిది? దినాం ఎండల పెడ్తున్న నేను." బతూల్ గొంతు ఎప్పుడూ పెద్దదే. "క్యా సత్తక్కా, ఇచ్చినది మల్ల అడుగుతున్నవ్? నీ కూతురు కాన్పుకొచ్చిందని తెలుసు. గింత గుడ్డ కొత్తది కుట్టనీకి చేతులు రాకపాయెనా? సిగ్గు లేదే నీకు?"

రాజనర్సయ్య గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

"మా చిట్టి గీ దిండు మీదనే పోయింది ఆపా," అంది సత్తెమ్మ. "బోర్లేసింది నేనే. దిండు వల్లనే అని ఎవ్వలకు తెల్వదు. డాక్టర్లకు సుత తెల్వదంట. గనీ పెట్టొద్దంటున్నరు. నాకు ఇయ్యాల్నే తెలిసింది. దండం పెడ్త, ఇయ్యి. పిల్లగాన్ని ఎల్లెలుకల పండుకోబెట్టుండ్రి. పక్కల ఏం పెట్టకుండ్రి."

తర్వాత రేష్మా గొంతు, భయపడుతున్నట్టు: "మరి నెత్తి చపటగ అయితదేమో పెద్దమ్మా?"

"కానియ్యి బిడ్డా. మా పొల్ల నెత్తి మస్తు గుండ్రంగుండె."

సత్తెమ్మ దిండుతో బయటికొచ్చింది. వెనకే బతూల్ గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తెమ్మ ఆగలేదు. రెండో ఇంటికి వెళ్లింది, మూడో ఇంటికి వెళ్లింది. ప్రతి ఇంట్లోనూ అదే చెప్పింది. పురుగు మాట మళ్లీ ఎత్తలేదు. చీకటి పడేలోగా ఐదు దిండ్లు ఆమె చేతికొచ్చాయి.

ఆరోది దొరకలేదు. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంటపని చేసే చిలకమ్మకు ఇచ్చింది అది. ఆ పిల్ల రెండు నెలల బిడ్డను తీసుకుని పది రోజుల కిందట పని మానేసి వెళ్లిపోయింది. ఫోను కలవలేదు. ఎర్రగడ్డ దిక్కు పోయారని హాస్టల్ వాచ్‌మన్ చెప్పాడు. అంతకంటే అతనికీ తెలియదు.

మర్నాడు రాజనర్సయ్య ఫారంలో మూడో వరస కొట్టేసి, సత్తెమ్మ అన్న మాట అన్నట్టుగా రాశాడు. నాగేశ్వరి ఆ వరస రెండుసార్లు చదివింది.

"ఖాళీ వదిలేస్తే, దిండు గీయడం మర్చిపోయారనుకుంటారు," అంది. "నాకు తట్టనే లేదు చూడండి."

అప్పుడు రాజనర్సయ్య ఆ బొమ్మను మూడోసారి గీశాడు. పక్క మీద వెల్లకిలా పాప. పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చిన్న దిండు ఆవిడ ఒళ్లో ఉంది. ఆవిడ ఒక చెయ్యి పాప పాదం మీద ఉంది. దాని కింద నాగేశ్వరి మూడు మాటలు రాసింది. 'దిండు అమ్మమ్మ దగ్గర. పాప చదునైన పక్క మీద. ఇంతకుముందు ఇది మనకెవరూ చెప్పలేదు.' ఆఖరి మాట అవసరమా అని పైవాళ్లెవరో అడిగారు. నాగేశ్వరి అది తీయనివ్వలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో యశస్వినికి కొడుకు పుట్టాడు. వాడు వాళ్లమ్మ మంచం పక్కన, బిగించి పరిచిన దుప్పటి మీద వెల్లకిలా నిద్రపోతాడు. మెలకువగా ఉన్నప్పుడు ఎవరైనా ఎదురుగా కూర్చుని బోర్లా వేసి ఆడిస్తారు. వాడు పడుకున్నంతసేపూ సత్తెమ్మ పక్కనే కూర్చుంటుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఊపిరి తగులుతుంది. మళ్లీ కాసేపటికి పెట్టి చూస్తుంది. ఇక సూది పట్టలేదు. పిల్లలకు చిన్న అంగీలు కుట్టమని, దుప్పటి కప్పడం కంటే అవే మేలని నాగేశ్వరి ఇంటికొచ్చి చెప్పింది. "చూద్దాం బిడ్డా," అంది సత్తెమ్మ. నాగేశ్వరి ఇచ్చిన గుడ్డ ఇంకా మడతలోనే ఉంది.

ఆదివారాలు మాత్రం ఇంట్లో ఉండదు. పొద్దున్నే అచ్చయి వచ్చిన ఆ పుస్తకాల కట్ట చంకన పెట్టుకుని, రాజనర్సయ్యను వెంటబెట్టుకుని ఎర్రగడ్డ రైతు బజారుకు వెళుతుంది. వరస వరసనా అడుగుతుంది.

"చిలకమ్మ అని, చంటిపిల్లతోని, కూరగాయలకు వస్తదా అమ్మా?"

"ఎట్లుంటది?" అంది ఒక ఆదివారం వంకాయలమ్మే ఆవిడ.

సత్తెమ్మ భర్త వైపు చూసింది. మనుషుల రూపురేఖలు చెప్పడం అతని విద్య.

"నల్లగ, సన్నగ ఉంటది," అన్నాడు రాజనర్సయ్య. "ఇరవై ఏండ్లుంటయ్. అంతకంటే మాకు తెల్వదు."

"గట్లాంటోల్లు మస్తు మంది వస్తరు గదయ్యా."

"గందరికి ఇయ్యి అమ్మా," అని సత్తెమ్మ పుస్తకాలు పది తీసి తక్కెడ పక్కన పెట్టింది. "చదువు రాకపోయిన ఫికర్ లేదు. బొమ్మ చూస్తే తెలుస్తది."

వంకాయలావిడ వాటిని గోనె సంచి కింద దోపింది. వాళ్లిద్దరూ పక్క వరసలోకి వెళ్లారు.